నాలుగు తీగలూ, ఒక స్పాంజి ముక్కా

మంగళవారం పొద్దున రైల్లో నిలబడి ఉండగా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "నాన్న పోయారు అంకుల్. నిద్రలోనే. మీరు రండి." పంపింది మా పక్కింటి అంకుల్ కూతురు. ఎప్పుడూ ఇంగ్లీషులోనే రాసే పిల్ల, ఆ రోజు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసింది. తర్వాతి స్టేషన్లో దిగి, మా పేట ఆంగ్ మో కియోకి వెనక్కి వెళ్ళే రైలెక్కాను.

"ఆ లిఫ్టులు బాగుచేసే పెద్దాయనా? పాపం," అన్నాడు ఆ సాయంత్రం మన తెలుగు మిత్రుడొకడు. అవును, ఆయనే. అంతకుముందు ఆయన రాక్ బ్యాండ్లో బాస్ గిటార్ వాయించేవారు. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుగా సంఘాలు పెట్టి, శాలువాలు కప్పుకుంటూ బతుకుతున్న మనలో ఆ సంగతి పట్టుమని పదిమందికి తెలియదు. ఆ సిగ్గు ఆయనది కాదు.

ఆయన ఇక్కడే పుట్టారు. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి బ్రిటిష్ నేవీ రేవులో పనికి వచ్చినవాడు. అరవైలలో ఆ రేవు చుట్టూ ఉన్న క్లబ్బుల్లో, నావికుల ముందు, ఈ కుర్రాడు బాస్ వాయించాడు. తర్వాత నేవీ వెళ్ళిపోయింది. క్లబ్బులు మూతబడ్డాయి. పొడుగు జుట్టంటే అందరూ మొహం చిట్లించే రోజులు వచ్చాయి. జుట్టు కత్తిరించుకుని లిఫ్టుల పనిలో చేరిపోయారు.

నేను ఇక్కడికి వచ్చింది, కంప్యూటర్లన్నీ తేదీలు తప్పుతాయని భయపెట్టిన రెండువేల సంవత్సరం గండానికి కాస్త ముందు. నలభై దాటినవాణ్ణి. హైదరాబాదులో ఎవరూ మొహం చూడని నా పాత ప్రోగ్రామింగ్ భాష కోబాల్‌కి హఠాత్తుగా గిరాకీ వచ్చిపడింది. దిగిన మొదటి ఆదివారమే గోడలోంచి దుమ్ము దుమ్మని ఏదో కొట్టుకుంటుంటే, పోట్లాడదామని వెళ్ళి పక్కింటి తలుపు కొట్టాను.

"ఏటి తమ్ముడూ, మకాన్ అయిందా? లోనికి రా, కూకో," అన్నారాయన. భోజనం అయిందా అని అడుగుతున్నారని ఆయన భార్య, ఆంటీ, చెబితే తెలిసింది. ఒళ్ళో పెద్ద ఫిడేలులాంటి గిటార్ ఉంది, నాలుగే తీగలు. అసలుది కాదు, జపాన్ నకలు. ఓడెక్కుతూ ఒక నావికుడు ఇచ్చి వెళ్ళినది. పోట్లాట సంగతి మర్చిపోయి ఇడ్లీలు తిని వచ్చాను.

ఆ తర్వాత ఆదివారాలన్నీ అక్కడే. ఆయన క్యాసెట్టు పెట్టేవారు, నేను పాట వినేవాణ్ణి. "పాట వద్దులా. కింద ఏటి నడుస్తందో సూడు," అని, ఇక్కడివాళ్ళందరి లాగే మాట చివర 'లా' తగిలించి కసిరేవారు. అలా కిందకి వినడం ఆయనే నేర్పారు. యాభైలకు ముందు బాస్ అంటే మనిషికన్నా ఎత్తైన చెక్కపెట్టె. దాన్ని మోసుకొచ్చినవాడు ఓ మూల నిలబడి తాళం వేయాలి. దాన్ని మెడలో తగిలించుకునే గిటార్‌గా మార్చాక, ఇంగ్లండులో ఒకడు ఫిడేలు ఆకారపు బాస్ మీద పాట కింద ఇంకో పాట కట్టాడు. ఇంకొకడు రాయిలా నిలబడి, వేళ్ళు మాత్రం ఉరుముల్లా ఆడిస్తూ, లీడ్ గిటార్ నోరు మూయించాడు. అమెరికాలో ఒక స్టూడియో మనిషి ఒక్క వేలితో వాయించేవాడట, తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదట. దేశమంతా అతని వేలికి ఆడింది. రికార్డు అట్ట మీద మాత్రం అతని పేరుండేది కాదు.

అక్కడే మాకు చెడేది. "ఇది దోపిడీ అంకుల్! పాడినవాడికి మేడ, మోసినవాడికి పేరైనా లేదు. మా కాంట్రాక్టు ప్రోగ్రామర్లదీ ఇదే బతుకు," అని నేను లేచేవాణ్ణి. ఆయన తాపీగా శ్రుతి చేసుకుంటూ, "పాట నడిసిందా, లేదా?" అనేవారు. నడిచింది. అయినా పేరు వెయ్యాలి. ఈ మాట మీద నేను ఈనాటికీ వెనక్కి తగ్గలేదు. ఆయన పోయారని తగ్గను కూడా.

అందుకే ఒక ఉగాదికి మన సంఘంవాళ్ళ మీద పడి, ఆయనకి పది నిమిషాలు ఇప్పించాను. "ఒట్టి బాస్ వాయిస్తే ఏం వినిపిస్తుందండీ?" అన్నాడు కార్యదర్శి. గొంతు చించుకుని ఒప్పించాను. ఆయన పాత బ్యాండ్లోని మలయ్ డ్రమ్మర్, ఊరికి ఆ చివరున్న చోవా చూ కాంగ్ పేట నుంచి వస్తానన్నాడు. క్లబ్బులు మూతబడ్డాక అంకుల్ స్టేజీ ఎక్కడం అదే మొదలు. మనవాళ్ళ ముందైతే అసలు ఎప్పుడూ ఎక్కలేదు. ఉతికించిన చొక్కాని రెండుసార్లు ఇస్త్రీ చేయించుకున్నారని ఆంటీ చాటుగా చెప్పింది.

వైరు దగ్గర గరగర వస్తోంది, అతుకు వేయించుకు రమ్మని గిటార్ నా చేతికిచ్చారు. అంతే చెప్పారు. షాపువాడు తీగలు చూసి, "ఎన్నేళ్ళవి ఇవి?" అని నవ్వాడు. నేను ఉదారంగా, "అన్నీ మార్చేయ్. కొత్తవి, మంచివి," అన్నాను. పాతవి వాడి చెత్తబుట్టలోకి పోయాయి. ఆ ఏళ్ళలో నా కూడే ఒక నియమం మీద నడిచింది: నడుస్తున్న పాత ప్రోగ్రాంలో సంవత్సరం అంకెలు తప్ప ఇంకేమీ ముట్టుకోకూడదు. రోజూ పదిమందికి ఆ పాఠం చెప్పే పెద్దమనిషిని, అక్కడ కౌంటర్ ముందు నిలబడి అన్నీ మార్చేయమన్నాను.

ఆయన పెట్టె తెరిచి ఒక తీగ మీటారు. టంగ్ మని మోగి, ఆగకుండా గిన్నె దొర్లినట్టు సాగింది. నావికుడు ఇచ్చిన నాటి నుంచీ ఉన్న తీగలవి. నున్నటి పట్టీ చుట్టినవి, ఆయన వేళ్ళ చెమట తాగి తాగి బరువెక్కినవి. వాటి గొంతే ఆయన గొంతు. ఆయన అరచేత్తో నాలుగు తీగలూ అదిమి మోత ఆపారు. ఆ తర్వాత, "మీ ఆఫీసులో కూడా ఇలాగే సేత్తావా తమ్ముడూ?" అన్నారు.

భూమిలోకి దిగిపోదామనిపించింది. మర్నాడే కార్యక్రమం. షాపుకి పరిగెత్తాను. చెత్త ఎప్పుడో ఎత్తేశారు.

తిరిగి వచ్చేసరికి ఆయన వంటింట్లో కత్తెర పట్టుకుని ఉన్నారు. "అయ్యో, నా అంట్లు తోమే స్పాంజి!" అని ఆంటీ అరుస్తోంది. "నీకు ఇంకోటి కొంటాలే, ఇది పెద్ద కచేరీకి ఎలతంది," అన్నారు. ముక్క కోసి, తీగల చివర్లు గిటార్ ఒంటికి ఆనే చోట వాటి కింద దోపారు. అరవైలలో అందరూ చేసిన పనేనట అది. తర్వాత కర్రీ పఫ్ ఒకటి తిని, ఆ నూనె వేళ్ళు నాలుగు తీగల మీదా పొడుగునా తుడిచారు. మీటి చూశారు. మోత తగ్గింది కానీ, ఆ గొంతు రాలేదు. "పోన్లే. కుర్రదై పోయింది. ముసల్దవనీ," అన్నారు.

కార్యక్రమంలో సరిగ్గా ఆయన వంతుకే భోజనాలు పెట్టేశారు. సగం హాలు లేచి ప్లేట్లు పట్టుకుని లైన్లో నిలబడింది. స్టేజీ మీద ఇద్దరు ముసలివాళ్ళు కళ్ళు మూసుకుని వాయిస్తున్నారు. నాకు రక్తం మరిగింది. మైకు లాక్కుని అందరినీ కడిగేద్దామని స్టేజీ వైపు కదిలాను కూడా. అంకుల్ కళ్ళు తెరిచి, వద్దని తలూపి, గడ్డంతో లైను వైపు చూపించారు. చూశాను. పులిహోర కోసం నిలబడ్డ వాళ్ళ మడమలు, ఒక్కొక్కటీ, ఆయన వేలికి లేచి పడుతున్నాయి. వాళ్ళకే తెలియదు. నాతో వాదించిన కార్యదర్శి మోకాలు కూడా.

"సూసావా?" అన్నారు కిందకి దిగి, చెమట తుడుచుకుంటూ. ఆ మొహం నేను అంతకుముందు చూడలేదు. "పేరు అడిగారేటి?"

"అడగలేదు. అడగాలి," అన్నాను. నవ్వారు.

తీగల మాట మళ్ళీ ఎత్తలేదు. నేను చాలాసార్లు ఎత్తబోయాను, ఎత్తనివ్వలేదు. పని నుంచి వచ్చి, స్నానం చేసి, రోజూ గంట వాయించేవారు. పాత రకం తీగలు తెచ్చి వేయిస్తానంటే, "మళ్ళీ మార్సుతావా? నీకు బుద్ధి రాదు," అని పెట్టె మూసేశారు. అలా ఏళ్ళు గడిచాయి.

మండాయ్‌లో దహనం అయ్యాక నాలుగో రోజు కూతురు పిలిచింది. పెట్టె బల్ల మీద తెరిచి ఉంది. "ఫ్రెండ్ ఒకడు బ్యాండ్లో వాయిస్తాడు అంకుల్, నాన్నది వాడికి ఇద్దామని అమ్మ అంది. కానీ స్ట్రింగ్స్ టూ ఓల్డ్ లా, చేంజ్ చేసి ఇవ్వనా?"

ఆంటీ తలుపు దగ్గర నిలబడి నా వైపే చూస్తోంది. నేను గిటార్ ఒళ్ళో పెట్టుకుని, నాకు చేతకాని వేలితో అన్నిటికన్నా లావు తీగ మీటాను. దుమ్ మంది. గోడలోంచి మొదటి ఆదివారం విన్నదే. నేను చెత్తబుట్టలో వేయించిన గొంతుని, ఆయన రోజుకో గంట చొప్పున మళ్ళీ తయారు చేసి పెట్టి వెళ్ళారు.

"ఏమీ ముట్టుకోవద్దమ్మా," అన్నాను. "అలాగే ఇచ్చేయండి."

తీగల కింద స్పాంజి ముక్క అలాగే ఉంది. ఒకవైపు ఆకుపచ్చ పీచు, రెండోవైపు పసుపు వెలిసిపోయి, దాని మీద నాలుగు గాట్లు, లోతుగా, పక్కపక్కన.