ఖిమ్ పేరున ఒక నంబరు

తుంగ్‌కాంగ్ రేవు సంతలో పాలచేపకు ముల్లు తీయడంలో ఖిమ్‌ను మించినవాళ్లు లేరు. ఊరికే అనను ఈ మాట. పక్క కొట్టు నాదే, ఇంకొకరిని మెచ్చుకోవడం నాకు చేతకాని పని. డెబ్బై దాటినా ఆమె కత్తి చేపలో దిగితే వెన్నలో దిగినట్టే. అలాంటి మనిషి ఆ ఉదయం మంచి చేపను నుజ్జు చేసి దాని వంక చూస్తూ కూర్చుంది.

సంగతేమిటని కదిపాను. ఆ మధ్యాహ్నమే సంత ఆఫీసులో సంతకానికి బదులు తన పేరు ముద్ర కొట్టి కొట్టును గియోక్‌లాన్‌కు రాసిచ్చేస్తోందట. గియోక్‌లాన్ ఎదుటి వరుసలో రొయ్యలమ్ముతుంది. ఖిమ్ మూల కొట్టు మీద ఆమె కన్ను ఈనాటిది కాదు.

"నేనిక ఎన్నాళ్లో ఉండనక్కా," అంది ఖిమ్.

కడుపునొప్పని కొడుకు బున్‌హియాన్ ఆమెను పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. గొట్టం వేసి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వినడానికి కొడుకొక్కడే వెళ్లొచ్చి, ఏం లేదమ్మా పుండే అన్నాడు. అప్పటినుంచి ఏడాదికోసారి మొహం చూపించేవాడు వారం వారం దిగుతున్నాడు, కోడలు చారు కాచి పంపుతోంది. ముసలివాళ్లకు పెద్ద జబ్బు పేరు చెప్పకపోవడం మా దగ్గర మర్యాద. డాక్టరు కూడా ముందు పిల్లల చెవినే వేస్తాడు. ఖిమ్ మొగుడికి కాలేయం పాడైనప్పుడు పుండే, తగ్గిపోతుందని చెప్పింది ఈ ఖిమ్మే. ఆయన ఆ మాట నమ్మే పోయాడు. ఇప్పుడదే మాట తన చెవిన పడితే ఎలా ఉంటుంది?

కొడుకును నిలదీయవే అన్నాను.

"నిలదీస్తే ఇంకా బాగా అబద్ధమాడతాడు. నా కొడుకే కదా."

మన ఆసుపత్రి రాతలు మనమే ఫోన్‌లో చూసుకోవచ్చని మందుల కొట్టు సోవ్ వచ్చినవాళ్లందరికీ చెబుతుంటుంది. అది గుర్తొచ్చి, మా ఇద్దరి చేపల మీద తడిగోనెలు కప్పి ఖిమ్ చెయ్యి పట్టుకు లాక్కెళ్లాను. సోవ్ ఆమె ఆరోగ్య కార్డు, ఫోను అందుకుని ఏవో నొక్కింది. ఫోన్‌లో ఆ రాతల తలుపు తెరుచుకోలేదు.

"ఈ నంబరు మీది కాదు పెద్దమ్మా."

"నాది కాకపోతే రోజూ ఎవరి ఫోన్‌లో అరుస్తున్నానే?"

"మీ అబ్బాయి పేరున ఉంది. మీ జబ్బు ఇంకొకళ్లు తొంగిచూడకుండా, మీ పేరున ఉన్న నంబరుకే దారి ఇస్తారు."

మా ఈడువాళ్లలో ఎవరి ఫోను వాళ్ల పేరున ఉంది కనుక? ఇల్లు కొడుకు పేర, కరెంటు ఇంకా చచ్చిన మొగుడి పేర. ఖిమ్ ఒక్క క్షణం ఆలోచించి, మోకాళ్ల నొప్పి మరిచి పక్క వీధి ఫోన్ల కొట్టుకు నడిచింది. నేనే వెనకబడ్డాను. ఎవరి పేరున కావాలని కొట్టువాడు అడిగితే, "లిమ్ సియోక్‌ఖిమ్," అని వీధి చివరిదాకా వినపడేలా చెప్పింది. ఆమె పూర్తి పేరు అదని నాకే ఆ రోజు తెలిసింది.

కొత్త నంబరుతో సోవ్ దగ్గరికి తిరిగొచ్చాం. రహస్య అంకెలు పెట్టుకోమని చెప్పి సోవ్ అటు తిరిగింది, నన్నూ తిరగమంది. తిరిగాను. నా జన్మలో అంత కష్టపడి ఎప్పుడూ అటు తిరగలేదు.

ఈసారి తలుపు తెరుచుకుంది. సన్నటి అక్షరాలు, మా ఇద్దరి చదువుకూ అందనివి. ఖిమ్ ఫోనును గుండెకు అదుముకుని కాసేపుంది. తర్వాత తనే సోవ్‌కు అందించింది.

"చదువు. మెత్తగా మాత్రం చదవకు."

"కడుపులో పుండు. దానికి కారణం ఒక క్రిమి. తీసిన ముక్కలో క్యాన్సర్ లేదు. మందులతో నయమవుతుంది."

"ఎవరు రాశారిది?"

"ముక్కను పరీక్షించిన డాక్టరు."

"నా కొడుకు చెప్పి రాయించి ఉంటే?"

"మీ అబ్బాయి కాదు, ఆయన తాత వచ్చినా ఇందులో అక్షరం మార్చలేడు."

ఖిమ్ మళ్లీ చదివించుకుంది. ఆపైన ఇంకోసారి. నేను అక్కడున్న బల్ల మీద కూలబడ్డాను. ఆమె మాత్రం నిలబడే కొడుక్కు ఫోన్ కలిపింది. వాడు ఎవరండీ అన్నాడు.

"మీ అమ్మనురా. ఇది నా నంబరు. నువ్వు నిజమే చెప్పావట."

"చెప్పానని చెబుతూనే ఉన్నా కదమ్మా."

"మరి వారం వారం ఎందుకొస్తున్నావు?"

"ఫలితం వచ్చేదాకా చచ్చేంత భయపడ్డాను. తర్వాత రావడం మానబుద్ధి కాలేదు," అన్నాడు వాడు. సరే, ఈ వారం వచ్చేటప్పుడు చారు వద్దు, ఉప్పేసిన బాతు తెమ్మని చెప్పి పెట్టేసింది. నడుస్తూ నాతో అంది: "మా ఆయన చేతిలో ఇలాంటిది ఉంటే నా అబద్ధం నా మొహాన కొట్టేవాడక్కా. కొట్టనివ్వాల్సింది."

మేము సంతకు చేరేసరికి గియోక్‌లాన్ ముద్ర సంచీ పట్టుకుని మూల కొట్టు ముందు నిలబడి, తన రొయ్యల తొట్టె ఎక్కడ పడుతుందో జానలతో కొలుస్తోంది. ఖిమ్ ఆమెను మోచేత్తో పక్కకు జరిపి, పీట మీద కూర్చుని, గోనె తీసి కత్తి అందుకుంది.

"అడ్డు తప్పుకోవమ్మా, వెలుతురు రావట్లేదు. చేప కావాలంటే వరసలో నిలబడు."