మూడు నెలల్లో నేలబొగ్గు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో లేదని గట్టి నమ్మకం. (ఇరవై ఒక్క ఏళ్ళకు ఎవరికి మాత్రం ఉండదు!) రెండు వేల దశకం మొదట్లో, డిగ్రీ కాగానే, మణుగూరు దాటాక అడవిలో ఉన్న ఓ చిన్న ఊరి బడిలో విద్యా వాలంటీరుగా చేరాను. నౌకరి ఏడాదికే. మళ్ళీ ఉంచాలా వద్దా అన్నది తనిఖీకి వచ్చే పెద్దసారు రాతను బట్టి. ఇంట్లోనేమో నా జీతం మీదే పొయ్యి వెలగాలి.

నేలబొగ్గు పాఠం వచ్చింది. దగ్గరి బొగ్గు గనిలో పేలుళ్ళు రోజూ వినబడే ఊరు కదా, పుస్తకం చదివి ఊరుకుంటే నా గొప్పేముంది? బడి వెనక పిల్లలతో మోకాలి లోతు గుంట తవ్వించి, అడుగున ఇసుక, పైన టేకాకులు, దానిమీద బంకమట్టి, మళ్ళీ ఇసుక పరిపించి, నీళ్ళు పోయించి, బండరాయి ఎక్కించాను. "వాగు తెచ్చిన ఇసుక, మట్టి గిట్లనే పొర మీద పొర పడి, బరువుకు బిగిసి రాయి అయితయి. నడుమ చిక్కిన చెట్టూ చేమా గాలి తగలక, లోపలి వేడికి బొగ్గయితది" అన్నాను. "ఎన్నొద్దులు పడతది టీచర్?" అందో పిల్ల. "కోట్ల ఏండ్లు" అన్నాను దర్జాగా. పెద్దసారు వచ్చినప్పుడు గుంటను ఓ పక్క నిలువునా కోసి పొరలు చూపిద్దామనీ, అందాకా ఎవరూ ముట్టొద్దనీ హుకుం జారీ చేశాను.

మూడు నెలలకు వచ్చాడాయన. ఊరంతా మూగింది. పార పట్టి కోశాను. ఇసుక ఉంది, బంకమట్టి ఉంది. ఆకులు మాత్రం లేవు, వాటి చోట నిగనిగలాడే బొగ్గు! నా పై ప్రాణాలు పైనే పోయాయి. పెద్దసారు ఓ ముక్క తీసి చూసి, "ఏందమ్మా ఇది? మూడు నెలలకే బొగ్గు తీసినవా? గనోళ్ళకు తెలిస్తే నిన్ను ఎత్తుకపోతరు" అన్నాడు. ఇక నౌకరి పోయినట్టే అనుకున్నాను.

అప్పుడు ముందుకొచ్చింది, ఆ ప్రశ్న అడిగిన పిల్ల నాయనమ్మ. కొలిమికి కట్టెలు కాల్చి బొగ్గు చేసే అవ్వ. "టీచరమ్మను ఏమనకు సారూ, నేనే పెట్టిన. ఆకులు బొగ్గయితయి, సారుకు సూపిస్తదట అని మా పోరి చెప్పింది. నిన్న రాయి జరిపి, మన్ను తోడి చూస్తే ఆకులు కుళ్ళి కంపు కొడుతున్నయి."

"కోట్ల ఏండ్లు పడతదని చెప్పిన గద అవ్వా!" అన్నాను ఏడుపు గొంతుతో.

అవ్వ నాకేసి జాలిగా చూసింది. "అవ్, చెప్పినవట. అందాక నీ నౌకరి ఉంటదా బిడ్డా?"

పెద్దసారు పడీ పడీ నవ్వి, పాఠం పిల్లలకే కాదు ఊరికి కూడా ఎక్కిందని రాసి వెళ్ళాడు. నౌకరి నిలిచింది. నేను మాత్రం నలుగురిలో పరువు తీసిందని రెండు రోజులు అవ్వతో మాట్లాడలేదు. (ఎంత తెలివో చూడండి.) కొలిమికి ఇచ్చుకోవలసిన బొగ్గు నాకోసం మోసుకొచ్చిందనీ, ఆ కుళ్ళిన ఆకులన్నీ ఒట్టి చేతులతో ఏరిందనీ అప్పుడు తట్టనే లేదు. ఇప్పుడు నలభై దాటాక, ఆ పాఠం చెప్పినప్పుడల్లా నవ్వూ వస్తుంది, కళ్ళూ తడుస్తాయి. భూమి వయసు గడగడా అప్పజెప్పిన ఆ చిన్న టీచరమ్మకు, "బువ్వ తిన్నవా అవ్వా" అని ఒక్కనాడైనా అడగడం చేతకాలేదు.