తొడల కింద చేతులు

నాలుగేళ్ల మా మనుమరాలికి మాటలు రావు. కావలసినవన్నీ చేతులతోనే చెబుతుంది. సంతోషం కలిగితే అవే చేతులను గాలిలో విదిలిస్తుంది. మేముండే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మేము వెళ్లిన డేకేర్లన్నీ ఆ విదిలింపును చూడగానే, సీట్లు లేవని మర్యాదగా సాగనంపాయి. ఇక ఒక్కటి మిగిలింది. అక్కడా కాదంటే మా అమ్మాయి ఉద్యోగం మానుకోవలసిందే. ఆమె పెట్టిన సెలవు ముగియవస్తోంది.

జీవితమంతా పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసినవాణ్ణి. పిల్లలను కదలకుండా కూర్చోబెట్టడం నాకు బాగా తెలిసిన విద్య. అమ్మాయికి చెప్పకుండా, ఆమె బయటికి వెళ్లినప్పుడల్లా పాపను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు తొడల కింద పెట్టించేవాణ్ణి. తీస్తే కళ్లెర్రజేసేవాణ్ణి. పాప త్వరగానే నేర్చుకుంది. అది చూసి నేను గర్వపడ్డాను.

ఒక పూట ఉంచుకుని చూస్తామని ఆ చివరి డేకేర్‌వారు చెప్పారు. మధ్యాహ్నం నేనూ అమ్మాయీ వెళ్లేసరికి పాప ఒంటిమీద ఇంకెవరిదో లాగు ఉంది.

"మాటలు రాకుంటే ఏమీ లేదమ్మా," అంది డేకేర్ నడిపే ఆవిడ. "సైగన్నా చేయల్ల కదా? పొద్దున్నుంచి చేతుల మింద కూర్చోనే ఉండాది. ఒంటికి కూడా అట్లే కూర్చోని పోసేసుకునింది. ఏమి కావల్లో తెలీకుంటే మేమెట్ల చూసుకునేది?"

"ఇంట్లో ఒంటికొస్తే పొట్ట మీద తట్టి చూపిస్తుంది మేడమ్. రోజూ చెప్తుంది. ఇవాళే ఏమైందో..." అంది అమ్మాయి.

మౌనంగా ఉండిపోదామనే అనిపించింది. కానీ తప్పు పాప మీద పడుతోంది.

"నేనే అలా నేర్పాను," అన్నాను. "చేతులు ఆడించే పిల్లను మీరు తీసుకోరని."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఏం సార్, పాపను పరేడ్‌కి పంపిస్తుండారా? చేతులాడిస్తే మాకేమి కష్టమప్పా!" తరువాత అమ్మాయి వైపు తిరిగింది. "సోమవారం ఇంకోతూరి పిల్చుకురామ్మా. ఈ సార్ మాత్రం వద్దు."

అమ్మాయి తల ఊపింది. నావైపు చూడలేదు. తిట్టినా బాగుండేది.

తిరుగు దారిలో, ఆటోలో మా ఇద్దరి మధ్య కూర్చున్న పాప చేతులు ఇంకా తొడల కిందే ఉన్నాయి.

"తీసెయ్ తల్లీ," అన్నాను. ఆ మాట కూడా నా నోట ఆజ్ఞలాగే వచ్చింది. పాప వాటిని మరింత అదుముకుంది.

అమ్మాయి ఒక్కొక్క చేతినే మెల్లగా బయటికి తీసి, కందిన వేళ్లను రుద్దసాగింది. నేను చూస్తుంటే పాప మళ్లీ దాచుకుంటుందేమోనని రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను.