తమ్ముడి పేజీల్లో నాలుగు టిక్కులు

1998 జూన్ 14, ఆదివారం సాయంత్రం. కొవ్వూరులో చెల్లెలి ఇల్లు. ఉన్నవారు: చెల్లెలు, మంచం మీద ఆమె కొడుకు, నేను. బావగారు పొలం నుంచి ఇంకా రాలేదు. నా సంచిలో 1963 నాటి డైరీ ఉంది.

మేనల్లుడు ఆ ఏడు కానిస్టేబుల్ సెలక్షన్‌కి తయారవుతున్నాడు. ఐదు కిలోమీటర్ల పరుగు. రిటైరైన నాకు వేరే పనేముంది? వేసవంతా చెల్లెలి ఇంట్లోనే ఉండి, రోజూ పొద్దున్నే కాలువగట్టు మీద వాడి పరుగుకి టైము చూసి డైరీలో రాసేవాణ్ణి.

"మావయ్యా, నా చెమట కూడా కొలిచి రాస్తారేంటి?" అనేవాడు.

"కొలిచే గిన్నె దొరికితే రాస్తానురా" అనేవాణ్ణి.

మే నెలలో వాడికి మలేరియా వచ్చింది. జ్వరం తగ్గాక పద్నాలుగు రోజులు వేసుకోమని వేరే మాత్రలిచ్చారు. కోర్సు మధ్యలో ఆపడం నాకు గిట్టదు. దగ్గరుండి మింగించి టిక్కు పెట్టేవాణ్ణి. సెలక్షన్ దగ్గరపడుతోందని వాడు నాలుగో రోజునే మళ్లీ పరుగు మొదలుపెట్టాడు. గడియారం పట్టుకుంది నేనే. ఆరో రోజున "మూత్రం డికాషన్‌లా పోతోంది మావయ్యా" అన్నాడు. నీళ్లు చాలట్లేదన్నాను. ఎనిమిదో రోజున గట్టు మీదే కూలబడ్డాడు. కళ్లు పచ్చగా ఉన్నాయి.

రాజమండ్రి ఆస్పత్రిలో రెండు బాటిళ్ల రక్తం ఎక్కిస్తే గాని మనిషి తేరుకోలేదు. పరీక్ష రిపోర్టు వచ్చాక డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు.

"పరుగెత్తితే ఎవరి ఒంట్లోనైనా లోపల తుప్పులాంటిది కొంత పుడుతుందండి. చాలామందికి రోజూ పరుగెత్తేకొద్దీ దాని విరుగుడు కూడా పెరిగి ఒళ్లు గట్టిపడుతుంది. ఈ అబ్బాయి రక్తకణాల్లో ఆ విరుగుడు పుట్టుకతోనే తక్కువ. ఒట్టి పరుగైతే తట్టుకునేవాడేమో. జ్వరం, దాని మీద ఈ మాత్రలు, ఆ పైన పరుగు. కణాలు పగిలిపోయాయి. ఇది తల్లి వైపు నుంచి కొడుక్కి వస్తుంది. తల్లికి మాత్రం ఏ బాధా ఉండకపోవచ్చు. మీ అన్నదమ్ముల్లో ఎవరికైనా ఇలా అయిందా?"

"లేదండి" అన్నాను. ఆస్పత్రి మెట్లు దిగుతుంటే తమ్ముడు గుర్తొచ్చాడు.

ధవళేశ్వరంలో మా ఇంటికి వెళ్లి పెట్టె తీశాను. 1963 ఆగస్టు. అప్పుడు తమ్ముడికి పంతొమ్మిదేళ్లు. చైనా యుద్ధం అయ్యాక సైన్యంలో చేరతానని వాడూ రోజూ గట్టు మీద పరుగెత్తేవాడు. పేజీలో నా చేతిరాతే: "మలేరియా మాత్రలు నాలుగో రోజు. మూత్రం నల్లగా పోతోందంటాడు. మాత్రలు మానొద్దని గట్టిగా చెప్పాను." పక్కన టిక్కు. తరవాతి పేజీల్లో ఇంకో మూడు టిక్కులు. ఆ తరవాత నెలంతా ఖాళీ.

అప్పుడు అందరం పచ్చకామెర్లే అనుకున్నాం. పసరు పోయించారు. ఉప్పు, కారం, నూనె లేని పథ్యం. వాడు బతిమాలుతుంటే చూడలేక, పదకొండేళ్ల చెల్లెలు దొడ్డిదారిన ఒక్క ఆవకాయ ముద్ద తెచ్చి పెట్టింది. మర్నాడు వాడు పోయాడు. "నీ చేతి ముద్దే వాణ్ణి తీసుకెళ్లిపోయిందే" అని అమ్మ ఒక్కసారే అంది. ఆనాటి నుంచి చెల్లెలు ఆవకాయ నోట పెట్టలేదు. పెళ్లయ్యాక ప్రతి వేసవీ జాడీలకు జాడీలు పెట్టింది, ఊరందరికీ పంచింది. నువ్వు తినవేంటి అంటే వేడి చేస్తుందనేది.

ఆ ఆదివారం సాయంత్రం ఆ పేజీలు చదివి వినిపించాను. డాక్టరుగారు చెప్పిందీ చెప్పాను. చెల్లెలు బెండకాయలు తుడుస్తోంది. చెయ్యి ఆపలేదు.

"అయితే నా ముద్ద కాదా అన్నయ్యా?"

"కాదమ్మా. మాత్రలు. మానొద్దన్నవాణ్ణి నేను."

ఇంకో నాలుగు కాయలు తుడిచింది.

"మరి వీడికి ఇచ్చింది నేనేగా" అంది.

"ఇచ్చేదేదో ఆస్తి ఇవ్వొచ్చు కదమ్మా" అన్నాడు మేనల్లుడు మంచం మీంచి. ఎవరూ నవ్వలేదు. వాడూ నవ్వలేదు. సెలక్షన్ తేదీ వెళ్లిపోయి అప్పటికి నాలుగు రోజులు.

రాయడమే గాని, పాత డైరీ తిరగేసే అలవాటు నాకు ఎప్పుడూ లేదు. మధ్యలో ఎప్పుడైనా చదివి ఉంటే చెల్లెలి మనసులో బరువు దిగేదని చెప్పలేను, చదివినా నాకు అర్థమయ్యేది కాదు. కానీ మేనల్లుడు డికాషన్ అన్న రోజున ఆ పేజీ గుర్తొచ్చి ఉండేది. ఒకే తల్లికి పుట్టాం. ఆ లోపం తమ్ముడికి వచ్చింది, నాకు రాలేదు. రెండుసార్లూ టిక్కులు పెట్టింది మాత్రం నేను.

మర్నాడు పొద్దున్న చెల్లెలు స్నానం చేసి వచ్చి, కొత్త జాడీ మూతికి కట్టిన వాసెనగుడ్డ విప్పింది. వేడన్నంలో ఆవకాయ కలిపింది. మొదటి ముద్ద కొడుకు నోట్లో పెట్టింది. తినొచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు. రెండోది నా చేతిలో పెట్టింది. మూడోది తను పట్టుకుంది. అది చల్లారేదాకా అలాగే పట్టుకుని, తిరిగి పళ్లెంలో పెట్టేసింది.

"అలవాటు తప్పిపోయింది అన్నయ్యా" అని, చెయ్యి కడుక్కోవడానికి లేచింది.