నాచు తెప్పలు కట్టిన ఖయ్యూమ్

జగ్గయ్యపేటలో వెదురు బొంగులు కావాలంటే మేస్త్రీలంతా ఖయ్యూమ్ అడితికే పోయేవారు. అతను పుచ్చు కర్ర అమ్మాడన్న మాట ఇరవై ఏళ్లలో ఎవరి నోటా రాలేదు. ఆ పేరు వినే హరిచరణ్ వచ్చాడు. సముద్రపు నాచు సాగు చేయించే ఒక కంపెనీకి అతను మేనేజరు. కృష్ణ సముద్రంలో కలిసే చోట, ఆ ఏటి మొగలో, మత్స్యకార స్త్రీల కోసం రెండొందల తెప్పలు కట్టాలన్నాడు.

ఖయ్యూమ్ లారీతో పాటే వెళ్లి, ఇసుకలో కూర్చుని ఒక్కో తెప్పా దగ్గరుండి బిగించాడు. ఆడవాళ్లు తాళ్లకు నాచు ముక్కలు ముడివేసి తెప్పలకు కట్టారు. నలభై అయిదు రోజులకు తొలి కోత. కట్లు చూడ్డానికి ఖయ్యూమ్ మళ్లీ వెళ్లాడు. పడవ నిండా తెచ్చిన నాచు ఎండేసరికి పదోవంతయింది; కంపెనీ డబ్బిచ్చేది ఎండిన తూకానికే.

"రొయ్యల షెడ్డులో కూలే నయం భాయ్. అది మానుకొని వచ్చాం," అంది వాళ్ల నాయకురాలు జాయిస్. "రెండో కోతకన్నా గిట్టుద్దేమో చూద్దాం."

ఈలోగా మున్నేరు పొంగింది. నందిగామ దగ్గర రోడ్లు ముంచిన ఆ నీళ్లు కృష్ణలో కలిసి, వరదంతా వెళ్లి సముద్రంలో పడింది. ఉప్పు తగ్గిన నీళ్లలో నాచు తెల్లబడి, మెత్తబడి, రాలిపోయింది. తెప్పలకు మాత్రం ఒక్క కట్టూ ఊడలేదు.

హరిచరణ్ ఖయ్యూమ్‌ను ఒడ్డుకు పిలిపించి ఒక కాగితం ముందు పెట్టాడు. బొంగులు నాసిరకమని అందులో రాసి ఉంది.

"ఏటి మొగలో వెయ్యమంది మీరే కదండీ?" అన్నాడు ఖయ్యూమ్.

"ఇప్పుడదంతా ఎందుకండీ? నాచు చచ్చిందంటే వీళ్లకేమీ రాదు. తెప్పలు బాలేవని మీరు ఒప్పుకుంటే కొత్తవి శాంక్షనవుతాయి."

ఖయ్యూమ్ జాయిస్ వైపు చూశాడు. ఏ కట్టూ ఊడలేదని ఆమెకు తెలుసు.

"చేసెయ్ భాయ్," అంది తల తిప్పుకొని. "షెడ్డులో మా చోట్లు కూడా పోయినయ్."

సంతకం పెట్టాడు.

కొత్త తెప్పలు రాలేదు. ఆ కాగితమే అడ్డం పెట్టుకుని కంపెనీ చేతులు దులుపుకుంది. దాని ఫొటో జగ్గయ్యపేట, నందిగామ మేస్త్రీల ఫోన్లదాకా వచ్చింది. ఏడాది తిరక్కుండా అడితి మూతపడింది.

"అబద్ధమని చెప్పరాదా?" అంది భార్య ముంతాజ్.

"సంతకం నాదేగా."

హరిచరణ్ ముఖం ఖయ్యూమ్‌కు ఇప్పుడు సరిగా గుర్తు కూడా లేదు. కోపమంతా జాయిస్ మీదే. అది న్యాయం కాదని తెలుసు, అయినా తగ్గదు. ఆమె ఫోన్ చేస్తే ఎత్తడు.