మృదంగానికి సంగటి పెట్టినవాడు

మా మునిరత్నం ఇక లేడు. పూతలపట్టు నుంచి పొద్దుటి బస్సులో వచ్చిన వాళ్ల నాయన, చంకలోని మృదంగాన్ని తిరుపతిలో మా అరుగు మీద దించి, "మావోడు పోయినాడు సామీ. విషజ్వరం. ఇది మీ కాడ పెట్టమన్నాడు" అని కూలబడ్డాడు. పాతికేళ్లు నిండని శిష్యుడికి ముసలి గురువు నివాళి రాయవలసి రావడం కంటే వైపరీత్యం ఏముంది? ఆ ఏడుకొండలవాడికి వరుస తెలియదా అని నోరు జారి తిట్టాను కూడా.

సేద్యగాళ్ల ఇంటి బిడ్డ. నా దగ్గర చేరిన మొదటిరోజే, ఇంకా కూర్చోకముందే, "మృదంగం కుడిపక్క నల్లగా ఉండాది, ఎడమపక్క ఎందుకు లేదు సామీ?" అని అడిగాడు. "ముందు వాయించరా, ఎందుకనేది ఆనక" అని గదమాయించాను. ఎనిమిదేళ్లూ అదే వరస. నాకు సహనం తక్కువ, వాడికి నాదజిజ్ఞాస అపారం. "సెయ్యి నిదానంగా నేర్సుకుంటాది సామీ, సెవికే తొందర" అనేవాడు.

ఒకసారి తిరుచానూరులో పెళ్లి కచేరీకి రమ్మంటే రాలేదు. మర్నాడు నిలదీశాను.

"దోవలో ఒక ఎద్దులబండి సామీ. దాని చక్రం ఏడు మాత్రలకొకసారి తడబడతా ఉండాది. రాళ్లదోవలో కూడా ఏడేనా అని సూడాలని ఎనకాలే పోయినా."

"యాడిదాకా?"

"చంద్రగిరి దాకా."

నవ్వు వచ్చింది గాని నవ్వలేదు, గురువునయ్యాను కదా! ఆ తడబాటే వాడి ప్రథమ రచనకు బీజమైంది.

మృదంగం ఎడమవైపు తడి గోధుమరవ్వ ముద్ద అద్దితేనే గంభీరనాదం పుడుతుంది. యుద్ధకాలంలో ఆ రవ్వ కరువైంది. చిత్తూరులో ఒక కచేరీనాడు వాడి ఎడమచేతి నాదం విని అదిరిపడ్డాను. అంత లోతు, అంత నిలకడ నా జన్మలో ఎరుగను. దగ్గరికి పోయి చూస్తే ఏముంది, రాగిసంగటి! మధ్యాహ్నం తినగా మిగిలింది అద్దాడు.

"సంగటి తినేదానికా, పూసేదానికా? అన్నానికి అపచారం కాదట్రా?"

"రవ్వ మాత్రం తిండి కాదా సామీ?"

మళ్లీ ఎదురుప్రశ్నా అని కోపం రెట్టింపైంది. సంగటి మానేదాకా నీ రచన వినేది లేదు పొమ్మన్నాను.

మూడుసార్లు వచ్చాడు పాపం. "ఒక్కసారి ఇనండి సామీ. మీరు బాగుండాదంటేనే సభలో వాయిస్తా."

"రవ్వ దొరికినాక రా."

"రవ్వతో అది పలకదు సామీ."

మూడోసారి తలుపు వేసుకున్నాను. నా మూర్ఖత్వానికి ఏ నరకం రాసిపెట్టి ఉందో! ఆ రచనను వాడు ఏ సభలోనూ వాయించలేదని వాళ్ల నాయన చెప్పాడు.

మృదంగం సంచిలో ఆ రచన రాసుకున్న వాడి నోటుపుస్తకం ఉంది. కర్మకాండ ముగిసిన మర్నాడు తెరిచి ముందు పెట్టుకుని, ఇప్పుడు దొరుకుతున్న రవ్వనే అద్ది వాయించాను. అంతా వచ్చింది గాని, చక్రం తడబడే ఏడో మాత్ర దగ్గర నిలవవలసిన నాదం నిలవలేదు. మళ్లీ మళ్లీ వాయించాను. చివరికి "ఏమేవ్, సంగటి కావాలి" అని కేక వేశాను. నా భార్య పక్కింటికి పోయి ఒక ముద్ద తెచ్చి చేతిలో పెట్టింది.

అద్ది వాయించాను. బండి కదిలింది. తడబడింది. తమాయించుకుని మళ్లీ నడిచింది.

"బాగుండాదిరా!" అని అరిచాను. వాడు నన్ను అడిగింది ఆ ఒక్క మాటే. అటువంటి చెవి మా సీమలో మళ్లీ ఎప్పుడు పుడుతుందో నాకు తెలియదు. సంగటికి ఆ నాదం ఎందుకు వస్తుందో కూడా తెలియదు. ఇంత వయసొచ్చాక మొదటిసారి "ఎందుకురా?" అని అడగాలనిపించింది. అడగడానికి వాడు లేడు.

గురువు శిష్యుడికి మొక్కకూడదంటారు. సంగటి అంటిన చేతులతోనే ఆ మృదంగానికి మొక్కాను.