ఓయాంగ్ మాస్టారి అరచెయ్యి

వేడెక్కగల వస్తువేది కనిపించినా దానిమీద అరచెయ్యి ఆనించి పది దాకా లెక్కపెట్టకుండా ఉండలేరు ఓయాంగ్ మాస్టారు. టీ కెటిల్, బాస్ కారు బానెట్, చివరికి మేనకోడలి పెళ్లిలో పెళ్లికొడుకు నుదురు. "కాస్త వేడెక్కాడు, గాలి తగలనివ్వండి," అని తీర్పు కూడా చెప్పి వచ్చారు.

తావ్యువాన్ అనే ఊళ్లో ఆయన పనిచేసే ఫ్యాక్టరీలో కన్వర్టర్లు తయారవుతాయి. ఇటు తీగ అటు తీగను తాకకుండానే కరెంటును దాటించే పెట్టెలు. దాటించేది లోపలున్న ట్రాన్స్‌ఫార్మర్. దానికి చేత్తో తీగ చుట్టేది సూచిన్, ఆమెతో ఇంకో అయిదుగురు ఆడవాళ్లు. మాస్టారి చెయ్యి పది దాకా ఓర్చుకోలేని పెట్టె గేటు దాటదు. ముప్ఫై ఏళ్లుగా అంతే.

ఆ ఏడు ఆసుపత్రి మంచాలు చేసేవాళ్లు నూటయాభై వాట్ల పెట్టెను ఆరువందలకి పెంచమన్నారు. బాస్ జువాంగ్ బయటినుంచి రెడీమేడ్‌గా ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ తెప్పించాడు. "ఇది పనిచేస్తే మన చుట్టే బల్ల ఎత్తేయడమే," అని అందరి ముందే అనేశాడు. సూచిన్‌కి ఆ పూట అన్నం సయించలేదు. యాభై రెండేళ్ల మనిషికి కొత్తగా పనెవరిస్తారు?

పరీక్ష రోజు వచ్చింది. యంత్రాలు చెప్పినమాట వినాలని ఆ ఊరి ఫ్యాక్టరీల్లో అందరూ పెట్టుకునే పచ్చ చిరుతిండి ప్యాకెట్ ఒకటి బల్లమీద ఎప్పుడూ ఉంటుంది. దాని పక్కనే పెట్టెను గంటసేపు నిండు లోడుతో నడిపారు. మాస్టారు చెయ్యి ఆనించారు.

"ఒకటి, రెండు, మూ... అమ్మో! కాలిపోతోంది!"

"థర్మామీటర్ నలభై అంటోంది మాస్టారూ!" అన్నాడు జువాంగ్.

"అయితే దాన్నే ఉద్యోగంలో పెట్టుకో. నా చెయ్యి ఒప్పుకోదు."

"ఇంటికి పంపించేస్తా మిమ్మల్ని!"

"పంపు. ముందు ఆ ప్యాకెట్ మీద తారీఖు చూడు."

జువాంగ్ చూశాడు. గడువు దాటి నెలయింది; అలాంటిది పక్కన ఉంటే యంత్రం మొండికేస్తుందని అందరి నమ్మకం. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. గడువు తీరిన ప్యాకెట్ పక్కన చేసిన పరీక్షను నమ్మే ధైర్యం ఆ ఊళ్లో ఏ బాస్‌కీ లేదు.

"మరేం చేద్దాం?" అన్నాడు నీరసంగా.

"మన చిన్నవే నాలుగు పక్కపక్కన పెడదాం. భారం నాలుగూ పంచుకుంటాయి. పెట్టె పలచగా ఉండి మంచం కింద ఇట్టే పడుతుంది. కాకపోతే చుట్టడానికి ఆరుగురు చాలరు."

జువాంగ్ ఆర్డరువాళ్లకి ఫోన్ చేయడానికి పరిగెత్తాడు. పెట్టె ఇంకా నడుస్తూనే ఉంది. సూచిన్ మెల్లగా దానిమీద చెయ్యి పెట్టింది. పది లెక్కపెట్టింది. ఇరవై లెక్కపెట్టింది. గోరువెచ్చగా, హాయిగా ఉంది.

"మాస్టారూ, ఇది కాలడం లేదే!"

"నా చెయ్యి ముసలిదైంది."

"మరి మీ సొరుగులో ఈ కొత్త ప్యాకెట్? బల్లమీద ఉండాల్సింది ఇదేగా!" అంటూ సూచిన్ దాన్ని పైకి తీసింది.

మాస్టారు దాన్ని లాక్కుని చింపి ఆమె ముందు పెట్టారు. "తిను. ఆ అయిదుగురినీ పిలువు. సాక్ష్యం మిగలకూడదు."

నెల తిరిగేసరికి చుట్టే బల్ల దగ్గర ఇంకో రెండు కుర్చీలు పడ్డాయి. మాస్టారు వాటిమీద కూడా అరచెయ్యి ఆనించి పది లెక్కపెట్టారు.